మా అమ్మకి 'మరో చరిత్ర' సముద్రం చూపించినవాళ్లందరికీ

చిక్కడపల్లి మాస్టారికి, మా కింది ఫ్లోర్ అక్కకి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు ఇచ్చిన దంపతులకి, వైజాగ్ ఆటో అన్నకి, భీమిలిలో టీ కొట్టు ఆవిడకి, అక్కడి తమ్ముళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు. ఫోన్ చేసి చెబుదామంటే సగం మంది నంబర్లు నా దగ్గర లేవు, ఉన్నవాళ్లేమో "దానికేముందమ్మా" అని మాట మార్చేస్తున్నారు, అందుకే ఇలా అందరి ముందూ చెబుతున్నాను.

బాలచందర్ గారి 'మరో చరిత్ర' అంటే అమ్మకి ప్రాణం. 1978లో విడుదలైనప్పుడు, ఇంకా పెళ్లి కాకముందు, మా పెద్దమ్మతో కలిసి ఇక్కడే హైదరాబాద్‌లో చూసింది. కమల్ హాసన్, సరిత, ఆత్రేయ గారి పాటలు, విశ్వనాథన్ గారి సంగీతం, ఇవన్నీ ఎవరైనా చెబుతారు, అమ్మ మాత్రం ఎప్పుడూ ఆ సముద్రం గురించే చెప్పేది. తమిళనాడులో డబ్బింగ్ కూడా చెయ్యకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడిన సినిమా అది, తర్వాత 1981లో బాలచందర్ గారే హిందీలో తీస్తే దేశమంతా చూసింది. అమ్మ ఆ హిందీది చూడలేదు. మరో చరిత్ర నలుపు తెలుపు కాబట్టి ఇన్నేళ్లూ ఆ ఒడ్డు ఆమెకి నలుపు తెలుపుల్లోనే గుర్తుంది. మోకాళ్లు పూర్తిగా అరిగిపోకముందే ఒకసారి తీసుకెళ్లాలని నా పట్టుదల.

వైజాగ్‌లో, భీమిలిలో తీశారని అందరికీ తెలుసు. కానీ అమ్మని ఇసకలో ఎక్కువ దూరం నడిపించలేను, ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది ముందే తెలియాలి. ఆ టెన్షన్ చూసి మా కింది ఫ్లోర్ అక్క, భీమిలిలో పుట్టి పెరిగిన మాస్టారు ఒకాయన చిక్కడపల్లిలో ఉన్నారని చెప్పి, తనే ఫోన్ చేసి, తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. మాస్టారు మాకోసం సినిమా మొత్తం ఆపుతూ ఆపుతూ మళ్లీ చూశారు, కళ్లకి ఆపరేషన్ అయిన మనిషి. "అమ్మాయ్, తెర మీద చూసిన చోటు అలాగే ఉంటుందని వెళ్లకండి. ఇళ్లు మారాయి, రోడ్డు మారింది, ఒడ్డు కూడా మారింది. కొండ వంపు మారదు, దాన్ని చూసుకుంటూ వెళ్లండి" అన్నారు. గోస్తని సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చి వాళ్ల సమాధులు, పావురాళ్ల కొండ ఏది ఎటు వస్తుందో ఒక కాగితం మీద గీసిచ్చారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరండీ భీమిలి, దాని గురించి మాట్లాడుతుంటే మాస్టారి గొంతే మారిపోయింది. డబ్బులిచ్చి పెట్టుకునే ఏ గైడూ ఇంత చెయ్యడు.

రైల్లో మాకు పై బెర్తులొచ్చాయి. అడక్కముందే ఎదుటి సీట్లో పెద్దాయన "అమ్మని కింద పడుకోనివ్వండి" అని తను పైకెక్కారు, ఆయన భార్య రాత్రి అమ్మని బాత్రూమ్ దాకా తీసుకెళ్లారు. రాజమండ్రిలో దిగేటప్పుడు నేను నిద్రలో ఉన్నాను, వాళ్ల పేర్లు కూడా అడగలేదు. ఇది వాళ్ల కంట పడితే బాగుండు.

వైజాగ్‌లో మాట్లాడుకున్న కారు రాలేదు. స్టేషన్ బయట దొరికిన ఆటో అన్న రోజంతా మాతోనే ఉన్నాడు. బీచ్ రోడ్డులో భీమిలి పాతిక కిలోమీటర్ల పైమాటే, ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం, అమ్మ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాడు. "తొందరేటి లేదమ్మగారూ, మెల్లగా చూడండి" అనేవాడు. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తనే ఆపాడు. గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్ల పాటు పేర్చిన ఇసక దిబ్బలు అవి, ఎండ పడితే కుంకుమ రంగులో ఉంటాయి. "ఇక్కడ మట్టి ఇంత ఎర్రగా ఉంటుందా, సినిమాలో ఏం తెలుస్తుంది" అని అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. వెయిటింగ్ చార్జీ తీసుకోమంటే అన్న ఒప్పుకోలేదు.

భీమిలిలో రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసకే. అమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అది చూసి టీ కొట్టు ఆవిడ తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది, వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు తమ్ముళ్లు పని ఆపి లేచి వచ్చి, అమ్మని అందులో కూర్చోబెట్టి, చెరో పక్కా పట్టుకుని అల దగ్గర దించారు. అమ్మ సిగ్గుపడుతూనే నవ్వింది. మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలో చెప్పమని అక్కడే దగ్గర్లో కూర్చున్నారు, వాళ్లకి ఆ పూట పని పోయింది, నాకు తెలుసు.

మాస్టారి కాగితం చేతిలో పెట్టుకుని అమ్మ కొండ వంపు వెతుక్కుంది, దొరికింది కూడా. వెంటనే నిజామాబాద్‌లో ఉన్న పెద్దమ్మకి వీడియో కాల్ చేశాం. ఇద్దరూ వాదులాట మొదలుపెట్టారు, ఆ కొండ ఇటు కాదు అటు అని ఒకరు, నీకేం గుర్తుందే అని ఇంకొకరు, మధ్యలో పాట అందుకోవడం, చరణం మర్చిపోవడం. పెళ్లికి ముందు అమ్మ ఎలా ఉండేదో నాకు అక్కడ కనిపించింది. అది చూపించినందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లెవరైనా ఉంటే పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక ఇసక కాలుతుంది. నీళ్లలోకి మాత్రం దించకండి, ఆ తీరంలో లోపలికి లాగేస్తుంది. మాస్టారి అనుమతి తీసుకున్నాను, ఆయన గీసిన కాగితం ఫొటో కావాలంటే అడగండి, పంపిస్తాను.