గుమ్మడి నారుకు పుట్టిన తేదీ రాయించండి: వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను మధురవాడలో ఉంటాను. మేడ మీద ఇరవై గ్రో బ్యాగులు, ఆనందపురం దగ్గర మా అన్నదమ్ముల ఉమ్మడిలో ఉన్న పదిహేను సెంట్ల ఎర్రనేల, ఇంతే నా సాగు. అందులో ఏటా గుమ్మడి, బూడిద గుమ్మడి, ఆనప పాదులు పెడతాను. ఈ ఉత్తరం ఆ పాదుల కోసమే. ఇంకో నెలలో మృగశిర కార్తె వచ్చేస్తుంది, నర్సరీల్లో నారు పోయడం మొదలవుతుంది. మీరు ఈలోగా ఒక మాట చెబితే ఈ ఏడాది నుంచే మారుతుందన్న ఆశతో రాస్తున్నాను.

కిందటేడు అక్టోబరు మొదటి వారంలో ఊళ్ళో ఒకచోట కూరగాయల నారు ఉచితంగా పంచారు. ఎవరు పంచారన్నది ఇక్కడ అనవసరం, మంచి మనసుతోనే ఇచ్చారు. నేనూ వరసలో నిలబడి పన్నెండు గుమ్మడి మొక్కలు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఒక నల్ల కవరు చింపి చూద్దును కదా, మట్టే కనబడలేదు. వేళ్ళు అడుగున సేమియా ఉండలా చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. మొలకప్పుడు వచ్చే రెండు దళసరి ఆకులు పండిపోయి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. మొక్క జానెడు కూడా లేదు గానీ కొసన అప్పుడే ఒక మొగ్గ. ఆ మొగ్గ చూసి మా పక్కింటి పాప సంబరపడింది. నాకు మాత్రం మనసు కుంగిపోయింది. ఇరుకులో బిగుసుకుపోయిన గుమ్మడి మొక్క తీగ సాగడం మాని, ఉన్న కాస్త బలంతో పువ్వు పూయాలని చూస్తుంది. అది ఎన్ని రోజుల నారో కవరు మీదా లేదు, ఇచ్చినవాళ్ళకూ తెలియదు.

అయినా ప్రాణమున్న మొక్కల్ని పారేయలేక ఆనందపురంలో పాదులు తీసి పెట్టాను. వారం తిరక్కుండా అల్పపీడనం పట్టింది. మూడు రోజులు వదలని వాన. తొమ్మిది మొక్కలు మొదలు మెత్తబడి కుళ్ళిపోయాయి. మిగిలిన మూడు మొక్కలూ నాలుగు మగపూలు పూసి అక్కడే ఆగిపోయాయి. తీగ నాలుగు అడుగులు కూడా సాగలేదు.

ఆ పన్నెండు మొక్కలకు రెండు విధాలా అన్యాయం జరిగింది. వయసు మీరిన నారు ఒకటి, అదను కాని రోజుల్లో నాటడం రెండోది. రెండూ మీ శాఖ ఒక్క ఉత్తర్వుతో సరిదిద్దగలిగినవే.

ముందు వయసు సంగతి చెబుతాను. వంగ, మిరప నారు నెల దాటినా, పీకేటప్పుడు కొన్ని వేళ్ళు తెగినా, రెండు రోజులు వాడి మళ్ళీ లేస్తుంది. గుమ్మడి జాతి అలా కాదు. దాని తల్లివేరు మొలకెత్తిన రోజు నుంచే లోతుకు పోవాలని చూస్తుంది. ఆ వేరు తెగినా, గోడ తగిలి మెలి తిరిగినా మొక్క మళ్ళీ తేరుకోవడం కష్టం. అందుకే పన్నెండు నుంచి పదిహేను రోజుల నారు నాటాలి, మహా అయితే ఇరవై రోజులు. మొలక ఆకులు ఇంకా పచ్చగా ఉండి, వాటి మధ్య నుంచి గరుకైన అసలు ఆకులు రెండు విచ్చుకుని, వేళ్ళు మట్టిని విడిపోకుండా పట్టుకునేంత మాత్రం అల్లుకుని ఉన్నప్పుడు అదీ సరైన ఈడు. నాలుగో ఆకు దాటిందంటే ఆలస్యమైనట్టే.

దీనికి ఇంకో లెక్క కూడా ఉంది. తీగ కూరగాయలకు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 నుంచి 4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయని మీ శాస్త్రవేత్తలే ఏళ్ళుగా చెబుతున్నారు. ఆ దశ నర్సరీ కవరులోనే గడిచిపోతే ఆ సలహా రైతుకు ఎందుకు పనికొస్తుంది?

కాబట్టి నా మొదటి విన్నపం. రాష్ట్రంలో సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి ప్రోట్రే (నారు పెంచే గుంతల ట్రే) మీదా, అమ్మే ప్రతి తీగ నారు కవరు మీదా విత్తిన తేదీ తప్పనిసరి చేయండి. పాల ప్యాకెట్టు మీద తేదీ చూసి కొంటున్నాం. మూడు వారాల్లో ఈడు మీరిపోయే మొక్కకు ఆ పాటి తేదీ ఉండాలి కదా. ఇరవై రోజులు దాటిన గుమ్మడి, ఆనప, బీర నారును పంపిణీకి తీసుకోకూడదన్న నిబంధన కూడా పెట్టండి.

ఇక అదను. గుమ్మడికి సాధారణంగా వానాకాలం పంటకు జూన్, జూలై, వేసవి పంటకు డిసెంబరు, జనవరి అని చెబుతారు. అది రాష్ట్రం మొత్తానికి చెప్పే మాట. చలిదేశాల్లో అయితే ఆఖరి మంచు కురిసి నేల వెచ్చబడ్డాక గానీ గుమ్మడి నారు బయట పెట్టరు, మంచు తగిలితే ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది కాబట్టి. మన విశాఖ తీరంలో మంచు భయం లేదు. మా భయం నీరు. ఈ ఊరికి ఏడాదిలో ఎక్కువ వాన పడేది అక్టోబరులో. తుపాన్ల కాలమూ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా మీద విరుచుకుపడింది కూడా చిత్త కార్తె మొదలైన రోజుల్లోనే. లేత గుమ్మడి మొక్క ఎండకు వాడితే సాయంత్రానికి లేస్తుంది, మొదలు దగ్గర రెండు రోజులు నీరు నిలిస్తే మాత్రం లేవదు.

అందుకని మా అమ్మ కార్తెలు చూసి పెట్టేది, నేనూ అలాగే పెడుతున్నాను. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ, అప్పుడు నారు జోలికి పోం. ఆ వేడికి పూత వచ్చినా ఎక్కువగా మగపూలే ఉంటాయి. మృగశిరలో నాలుగు వానలు పడి నేల చల్లబడ్డాక విత్తనం వేసి, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ ఆఖరు నుంచి జూలై మధ్యలోపు నాటేస్తే తీగ తుపాన్ల నాటికి ముదురుతుంది. అప్పటికి తయారైన కాయల కింద ఎండుగడ్డో పెంకు ముక్కో పెడితే కుళ్ళవు. ముచ్చిక గట్టిపడి, తొక్కలోకి గోరు దిగకుండా ఉన్నప్పుడు కోసి గాలి ఆడే చోట ఉంచితే సంక్రాంతి దప్పళానికి ఆ కాయే అందుతుంది.

ఆగస్టు ఆఖరు నుంచి హస్త, చిత్త, స్వాతి కార్తెలు దాటేదాకా కొత్త నారు నాటకూడదు. మళ్ళీ పాదు పెట్టేది మా ఊరి పేరే ఉన్న కార్తెలో. నవంబరు మొదటి వారంలో విశాఖ కార్తె ప్రవేశించాక విత్తనం వేసి, రెండు వారాలకు అనూరాధలో నాటుతాం. కిందటేడు కుళ్ళిన పాదుల్లోనే మట్టి ఆరబెట్టి, నాలుగు వేళ్ళ ఎత్తున గుట్ట చేసి, అలా నాలుగు మొక్కలు పెట్టాను. డిసెంబరు ఆఖరుకు పూత మొదలైంది. ధనుర్మాసం కదా, వీధిలో పిల్లలంతా గొబ్బెమ్మల మీద పెట్టడానికి తెల్లారకముందే వచ్చేవారు. సన్నటి కాడతో ఉన్న మగపూలే కోసుకోమని, కింద ఉండలా పిందె ఉన్న ఆడపువ్వును ముట్టుకోవద్దని చెప్పేదాన్ని. రెండు మూడు రోజుల్లో వాళ్ళకే తెలిసిపోయింది.

ఆ పువ్వు సంగతిలో కూడా అదను ఉంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలు పుప్పొడి మోయాలి. ఉదయాలు వాన పడే వారాల్లో పూత వస్తే ఈగ రాదు, పుప్పొడి తడిసిపోతుంది, పిందె పసుపెక్కి రాలిపోతుంది. నారు ఎప్పుడు నాటామన్నదే ఆ పూత ఏ వాతావరణంలో వస్తుందో నిర్ణయిస్తుంది. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో జుకినీ పేరుతో అమ్ముతున్న స్క్వాష్‌ను మేడ మీద పెట్టేవాళ్ళు మా కాలనీలో పెరుగుతున్నారు. దానికి ఉక్క అసలు పడదు. దాన్ని నవంబరు దాటించకుండా నాటమనే చెప్పాలి.

నాకు ఒకచోట దొరికిన కరపత్రంలో మాకూ, అరకు, పాడేరు వాళ్ళకూ ఒకే నెలలు వేశారు. వాళ్ళుండే అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4 నుంచి వేరుపడింది. వాతావరణం అంతకు ముందూ వేరే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడి చలికి గుమ్మడి విత్తనం మొలవడమే కష్టం, మొలిచినా కదలదు. మాకు మంచి అదను అయిన రోజులు వాళ్ళకు కాదు. తీరానికి వేరుగా, ఏజెన్సీకి వేరుగా నాటు క్యాలెండరు వేయించండి. అది ఆఫీసు గోడ మీద ఉంటే సరిపోదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్ల గేటు దగ్గర కూరగాయల ధరల బోర్డు పక్కనే, ఈ వారం ఏ తీగ నాటవచ్చు, ఏది ఆపాలి అని రెండు వాక్యాలు రాయిస్తే చాలు. ఆనందపురం, పద్మనాభం నుంచి వచ్చే రైతులూ చదువుతారు, సంచీ పట్టుకుని వచ్చే మాలాంటి వాళ్ళూ చదువుతారు. పంపిణీ కూడా సభ పెట్టుకున్న రోజును బట్టి గాక ఆ బోర్డును బట్టి జరగాలి.

ఇంకొక్కటి. నవంబరులో నేను ఆ విత్తనాలు ప్లాస్టిక్ కవర్లలో వేయలేదు. ఏజెన్సీ గిరిజన మహిళలు కుట్టే అడ్డాకు దొప్పల్లో వేశాను. రెండేసి దొప్పలు ఒకదానిలో ఒకటి పెట్టి, అడుగున పుల్లతో చిల్లు చేసి, కొబ్బరి పొట్టు, చివికిన పశువుల ఎరువు నింపి, విత్తనాన్ని అంగుళం లోతున గుచ్చాను. ఐదో రోజుకు మొలక వంగి లేచింది. పదిహేనో రోజు సాయంత్రం దొప్పతో సహా పాదులో దింపేశాను. వేరు కదలలేదు, ఒక్క ఆకు వాడలేదు. పది రోజుల తరువాత పక్కన మట్టి కాస్త తీసి చూస్తే తెల్లటి వేళ్ళు ఆకు కుట్ల సందుల్లోంచి బయటికి వచ్చి ఉన్నాయి. ఎర్ర గుమ్మడి పెంకు పురుగు మొలక ఆకుల్ని జల్లెడ చేసే వయసు కూడా సరిగ్గా అదే. ఆ రెండు వారాలూ దొప్పలన్నీ ఒక పళ్ళెంలో పెట్టి దోమతెర కప్పితే పురుగు చేరదు, ఉడుత తవ్వదు. మీ శాఖ నర్సరీల్లో తీగ నారుకు ఈ దొప్పలు కొంటే, అవి కుట్టే చేతులకూ ఏడాదికి రెండు కాలాలు పని దొరుకుతుంది. ముందు ఒక్క నర్సరీలో ఒక్క కాలం చేసి చూడమనండి.

మొన్న ఫిబ్రవరి ఆఖరుకు నా నాలుగు పాదుల నుంచి పదకొండు కాయలు దిగాయి. రెండింటిని విత్తనానికి ఉంచాను. ఆ గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోశాను. మీ అధికారులు ఎవరైనా వస్తానంటే అడ్డాకు దొప్పలు, గింజలు నేనే సిద్ధం చేసి ఉంచుతాను. మృగశిర వచ్చాక మొదటి ఆదివారం ఆనందపురంలో విత్తుతున్నాం. ప్రతి దొప్పకూ పుల్ల గుచ్చి తేదీ రాస్తాను.

ఇట్లు
విధేయురాలు,
ఒక మిద్దెతోట గృహిణి,
మధురవాడ, విశాఖపట్నం