సరిహద్దు దళాల కథలో వదిలేసిన సగం

సంపాదకులకు,

అమెరికా వలస గ్రామాల ఆత్మరక్షణపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం తుపాకి పట్టిన రైతుల ధైర్యాన్ని కొనియాడింది గాని, ఆ దళాలు ఎలా ఏర్పడ్డాయో చెప్పలేదు. యుద్ధాన్ని పాపంగా భావించే క్రైస్తవ శాఖ క్వేకర్ల పలుకుబడి బలంగా ఉన్న, అప్పటి బ్రిటిష్ వలస పెన్సిల్వేనియా శాసనసభ, సరిహద్దులో దాడులు పెరిగిన తరువాతే, 1755 నవంబరులో, సభ్యుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చొరవతో ప్రజాసేన చట్టం చేసింది. చేరమని ఎవరినీ నిర్బంధించకూడదు, చేరినవారే తమ అధికారులను ఎన్నుకోవాలి అన్న ఆ చట్టం లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వానికి రుచించక మరుసటి ఏడాదే రద్దయింది.

మొరావియన్లనే క్రైస్తవ శాఖ వారి మత ప్రచార కేంద్రం దాడిలో తగలబడిన సరిహద్దు గ్రామం గ్నాడెన్‌హ్యూటెన్‌లో 1756 జనవరిలో ఫ్రాంక్లిన్ మనుషులు రోజు విడిచి రోజు కురిసే వానకు పని ఆగుతున్నా, 18 అడుగుల దుంగలను 3 అడుగుల కందకంలో పాతి, వారంలో కోట కట్టారు. పశువులను తోలుకొస్తామని తుపాకులు తీసుకెళ్లిన 11 మంది రైతులలో మాత్రం ఒక్కడే బతికి వచ్చాడు. మందు తడిసి తుపాకులు పేలలేదట. కోటకన్నా ఈ ఉదంతమే ఆ సేన అసలు బలమెంతో చెబుతుందని నా అభిప్రాయం.

దాడి చేసిన డెలావేర్ అనే అమెరికా ఆదివాసీ తెగవారి గోడు వ్యాసంలో ఒక్క వాక్యానికీ నోచుకోలేదు. ఒక మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత నేల అన్న ఒప్పందాన్ని సాకుగా చూపి, 1737లో వేగంగా నడిచేవారిని కూలికి పెట్టి, ముందే చదును చేసిన బాటన పంపి, వారి భూమిని పెన్సిల్వేనియా యజమానులైన పెన్ కుటుంబం కాజేసింది. ఆ భాగాన్ని కూడా ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు