కిరీటం నా చేతికిచ్చి గడ్డిలో కూర్చున్న రోజు

ఆగస్టు 1, రాత్రి

చిట్టితల్లీ,

నువ్వు పైన నిద్రపోతున్నావు. అమ్మ ఇందాకే చప్పుడు కాకుండా తలుపు తీసి చూసొచ్చింది. మేకప్ కూడా తుడుచుకోకుండానే పడుకున్నావట. లేపనా అని అడిగితే వద్దన్నాను. ఈ నెల రోజుల్లో నువ్వు తొమ్మిదింటికే మంచం ఎక్కింది ఈ ఒక్క రాత్రే.

ఫ్రిజ్ మీద జూలై కాలెండర్ తీసి ఆగస్టుది పెడదామని లేచాను. తీసిన కాగితం చూస్తూ ఇక్కడే వంటింటి బల్ల దగ్గర కూర్చుండిపోయాను. 31 గళ్ళలో ఖాళీగా ఉన్నవి 4. మిగతా అన్నిట్లోనూ నీ చేతిరాతే. ఊరి పేరు, టైము, ఏ డ్రెస్సు, కిరీటం కావాలా వద్దా, సంతకం పెట్టాల్సిన ఫోటో కార్డులు ఎన్ని. కార్లో నేను రాసుకునే మైళ్ళ లెక్క 3,140 దగ్గర ఆగింది. విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్ళొచ్చి, మళ్ళీ ఢిల్లీకి బయల్దేరి దాదాపు చేరినంత దూరం.

నీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఇంత దూరం పక్కపక్కనే కూర్చుని తిరిగినా నోటికి రాలేదు. అందుకే రాస్తున్నాను.

జూన్‌లో నువ్వు మిస్ అమెరికా పోటీకి మన రాష్ట్రం టైటిల్ గెలిచిన మర్నాడు, కాలేజీకి ఏడాది సెలవు పెడతానన్నప్పుడు నేనన్నాను, "చదువు పక్కన పెట్టి ఏడాదంతా చెయ్యి ఊపుకుంటూ తిరుగుతావా?" అని. నువ్వు బదులు చెప్పలేదు. ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టి పైకి వెళ్ళిపోయావు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నేను అలా అనకుండా ఉండాల్సింది.

జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, ఒక్క రోజే మూడు ఊళ్ళలో పరేడ్లు. పొద్దున తొమ్మిదికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం బాణసంచాకు ముందు ఇంకొకటి. టాప్ తీసేసిన కారులో వెనక సీటు పైన కూర్చుని, ఆ ఎండలో, ఎక్కడా నవ్వు తగ్గకుండా. నేను పక్కనే ఫుట్‌పాత్ మీద నీళ్ళ సీసా పట్టుకుని నడిచాను. రాత్రి కార్లో కిరీటం తీశాక చూశాను, దాని దువ్వెన పళ్ళు గుచ్చుకుని రెండు చెవుల పైనా ఎర్రగా గీతలు పడ్డాయి. ఇంటికొచ్చాక అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే నువ్వు కూర్చునే కునికిపాట్లు పడ్డావు. చెయ్యి ఊపడం ఎంత పనో ఆ రాత్రే తెలిసింది నాకు.

ఆ తర్వాత రోటరీ క్లబ్ టిఫిన్ మీటింగు, లైబ్రరీలో పిల్లలకు కథలు, వృద్ధాశ్రమం, పిల్లల ఆసుపత్రి. ఒక రోజు రెండు ప్రోగ్రాములకీ మధ్య 190 మైళ్ళు. పెట్రోలు బంకు బాత్రూములో బట్టలు మార్చుకుని, డబ్బాలో పెరుగన్నం చెంచాతో తింటూ, తర్వాతి ఊళ్ళో మాట్లాడాల్సింది గొణుక్కుంటూ కూర్చున్నావు. ఇంకో చోట ఒకాయన "అసలు మీదే దేశం?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నువ్వు ఒకే నవ్వుతో, నువ్వు పుట్టిన ఊరి పేరే చెప్పావు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయనతో ఏదో అనబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపావు.

ఆ రోజు తిరిగి వస్తుంటే నాకు 2013 గుర్తొచ్చింది. సెప్టెంబర్ 15, ఆదివారం రాత్రి. నీకు ఎనిమిదేళ్ళు. అట్లాంటిక్ సిటీలో మిస్ న్యూయార్క్ నీనా దావులూరి తలమీద మిస్ అమెరికా కిరీటం పెడుతుంటే మనం ముగ్గురం సోఫాలోంచి లేచి నిలబడ్డాం. 1921లో మొదలైన పోటీ అది. అంతవరకూ మన దేశం మూలాలున్న అమ్మాయి ఎవరూ గెలవలేదు. అమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. అమ్మ చదివిన మాంటిస్సోరి మహిళా కళాశాల పెట్టిన కోటేశ్వరమ్మ గారికి నీనా స్వయానా మనవరాలు. తర్వాత 2017లో ఆవిడకి పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా అమ్మ అంతే సంబరపడింది.

"ఆ అక్క మన విజయవాడ అక్కేనా?" అని నువ్వడిగావు. అవునన్నాను. అర్ధరాత్రయ్యేసరికి ట్విట్టర్‌లో ఆ పిల్లని అరబ్బు అనీ, టెర్రరిస్టు అనీ రాయడం మొదలుపెట్టారు. నువ్వు చూస్తావని లాప్‌టాప్ మూసేసి "పడుకో, రేపు స్కూలుంది" అన్నాను. నా పిల్లని ఎవరూ ఆ మాటలనే చోట నిలబెట్టకూడదని ఆ రాత్రే అనుకున్నాను. జూన్‌లో నీతో అలా అనడానికి చదువొక్కటే కారణం కాదు తల్లీ. ఇది కూడా ఉంది. నీకెప్పుడూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. జూలై 19, శనివారం. కౌంటీ ఫెయిర్‌లో పందుల కొట్టం పక్కన, చిన్న టెంటు కింద మనకు చోటిచ్చారు. గడ్డి మీద టార్పాలిన్ పరిచి ఆరు రబ్బరు బొమ్మలు పెట్టావు. టైటిల్ తీసుకున్న ప్రతి అమ్మాయీ ఏడాదంతా ఏదో ఒక సేవ చేపట్టాలి కదా, నువ్వు సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి నేర్పడం, ఎంచుకున్నావని నాకు తెలుసు. స్కూల్లో నేర్పారు కాబట్టి తీసుకుందేమో అనుకున్నాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. పోటీలో జడ్జీలతో ఇంటర్వ్యూ జరిగే గదిలోకి తల్లిదండ్రుల్ని రానివ్వరు, కాబట్టి అక్కడ నువ్వేం చెప్పావో కూడా నాకు తెలియదు.

మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగేసరికి కిరీటం జారింది. పిన్నులు లాగేసి, తీసి నా చేతికిచ్చావు. రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. పళ్ళ మధ్య నీ వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. రాళ్ళు ఎండకి వేడెక్కి ఉన్నాయి. నువ్వు ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఛాతీ నడిమధ్యన నొక్కుతూ చెబుతున్నావు. ముందు ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయించండి, కనీసం రెండంగుళాల లోతు నొక్కండి, నొక్కిన ప్రతిసారీ ఛాతీని మళ్ళీ పైకి రానివ్వండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు.

ఆ వేగం పిల్లలకి అందడం లేదని నువ్వు మడమతో నేల మీద తాళం వేశావు. తకధిమి, తకధిమి. ఒక్కో అక్షరానికి ఒక్కో నొక్కు. పోటీలో టాలెంట్‌కి 90 సెకన్లే ఇస్తారని నీ తరంగాన్ని కత్తిరించినప్పుడు నేను ఎంత బాధపడ్డానో నీకు తెలుసు. పన్నెండేళ్ళు ఇత్తడి పళ్ళెం అంచున నిలబడి నేర్చుకున్న కూచిపూడి అది. బూట్లకి మట్టి అంటుకున్న ఆ పల్లెటూరి పిల్లలు బొమ్మల మీదకి వంగి "తకధిమి" అంటుంటే ఆ బాధ పోయింది.

డెబ్బై ఏళ్ళుంటాయేమో, టోపీ పెట్టుకున్న ఒక రైతు వచ్చి "పక్కటెముక విరిగితేనో?" అని అడిగాడు. "విరిగితే అతుక్కుంటుంది, గుండె ఆగితే మనకున్నవి నిమిషాలే" అన్నావు. తర్వాత అన్నావు: "మా తాతయ్య వరండాలో పడిపోతే చుట్టూ అంతమంది ఉన్నారు. ఎవరికీ ఇది తెలియదు."

నా కాళ్ళు ఆడలేదు.

2011లో నీకు ఆరేళ్ళు. విజయవాడ సత్యనారాయణపురం ఇంట్లో పొద్దున కాఫీ తాగి లేస్తూ మా నాన్న పడిపోయారు. విసిరారు, మొహం మీద నీళ్ళు చల్లారు, ఆటో కోసం పరిగెత్తారు. పాపం, ఎవరికి చేతనైంది వాళ్ళు చేశారు. ఛాతీ మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. ఇక్కడ ఈ వంటింట్లోనే నిలబడి బాబాయితో ఫోన్లో మాట్లాడాను. ఆ బల్ల కింద బొమ్మలు పెట్టుకుని ఆడుకుంటూ నువ్వు విన్నావన్నమాట. పద్నాలుగేళ్ళు మనసులోనే ఉంచుకున్నావు.

ఆ రైతు అరగంటలో ఇద్దరు మనవల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. వాళ్ళు నేర్చుకుంటుంటే నా పక్కన నిలబడి "మీ అమ్మాయా?" అన్నాడు. అవునని తలూపాను, గొంతు పెగల్లేదు. సాయంత్రానికి టార్పాలిన్ మడతపెడుతూ నువ్వు లెక్క చెప్పావు, 112 మంది. కార్లో ఏమైనా మాట్లాడతానేమోనని నువ్వు రెండుసార్లు నావైపు చూశావు. నేను ఏసీ తగ్గించనా అని అడిగాను.

వచ్చే నెల ఓర్లాండోలో మిస్ అమెరికా పోటీ ఉంది. నువ్వెక్కువ టెన్షన్ పడుతున్నది ఇంటర్వ్యూ గురించేనని అమ్మ చెప్పింది. ప్రాక్టీసుకి ప్రశ్నలు అడగడానికి నేనున్నాను, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే. ఆగస్టు కాలెండర్‌లో రెండు ఆదివారాలు మాత్రం నేనే పెన్నుతో కొట్టేశాను. ఎవరడిగినా ఆ రోజుల్లో కుదరదని చెప్పు. అమ్మ గోంగూర తెప్పించింది. ఒక పూట కంచంలో, చేత్తో తిను.

రేపు ఐదున్నరకి బయల్దేరాలి. కారుకి ఆయిల్ మార్పించాను. పిన్నులు రెండు ప్యాకెట్లు కొని కిరీటం డబ్బాలో వేశాను, ఈ కాగితం కూడా వాటి కిందే పెడుతున్నాను.

ఇంకొకటి. నెలంతా కిరీటం పట్టుకుని నీ పక్కన నిలబడ్డానే గానీ నేను ఒక్కసారి కూడా ఆ బొమ్మ ముందు కూర్చోలేదు. డిక్కీలోంచి ఒక బొమ్మ తీసి హాల్లో పెట్టాను. ఈ ఆదివారం అమ్మకీ నాకూ నేర్పు.

నాన్న