దిగడం కాదు, చేరడమే కష్టం

సంపాదకులు గారికి,

కమాండోలను పంపితే చాలు, పని అయిపోతుందన్న మాట ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. అలా అనేవారు 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ వేసిన ‘ఆపరేషన్ మికాడో’ పథకాన్ని ఒకసారి చూడాలి. అర్జెంటీనా దగ్గర విమానం నుంచి నౌకల మీదికి వదిలే ఎక్సోసెట్ క్షిపణులు ఐదే. మే 4న రెండు వాడేసింది, బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్‌లో 20 మంది చనిపోయారు. మిగతా మూడింటినీ, వాటిని మోసే విమానాలనూ, పైలట్లనూ అర్జెంటీనాలోని రియో గ్రాండే వైమానిక స్థావరంలోనే మట్టుబెట్టాలని ఆలోచన. అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి, కమాండోలతో రెండు హెర్క్యులస్ రవాణా విమానాలు నేరుగా శత్రువు రన్‌వే మీదే దిగాలి!

మన వరంగల్ మామునూరు రన్‌వే మీద అర్ధరాత్రి నాలుగేసి ఇంజిన్ల విమానాలు రెండు దిగితే చుట్టుపక్కల ఊళ్లు లేవవా? అక్కడైతే రాడార్, కాపలా సైన్యం కూడా. తిరిగి ఎగరలేకపోతే నడిచి చిలీ సరిహద్దు దాటాలి.

ముందస్తు నిఘాకే చిక్కొచ్చింది. మే 17-18 రాత్రి, బరువు తగ్గించడానికి సామాను ఊడబీకి, తిరుగు ప్రయాణానికి ఇంధనం లేకుండా నిఘా బృందంతో ఒక సీ కింగ్ హెలికాప్టర్ బయల్దేరింది. పొగమంచు కమ్మేసింది. చివరికి చిలీలోని పుంటా అరెనాస్ దగ్గర దిగి, సిబ్బందే దాన్ని తగలబెట్టారు. అసలు దాడి జరగనేలేదు. మే 25న మరో రెండు ఎక్సోసెట్‌లు వచ్చి బ్రిటన్ సామగ్రి మోస్తున్న అట్లాంటిక్ కన్వేయర్ నౌకను కాల్చేశాయి, అందులోని మూడు చినూక్ హెలికాప్టర్లతో సహా. అయినా రియో గ్రాండే మీద దాడిని మానుకోవడమే సరైనదని నా నమ్మకం.

– ఒక పాఠకుడు, హన్మకొండ