ఎంఎస్ రోగి మందు మానేస్తే ఎందుకని అడిగే మనిషి కావాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఏటా మే 30న ప్రపంచ మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) దినం సందర్భంగా పత్రికల్లో మంచి వ్యాసాలే వస్తున్నాయి. చూపు మసకబారినా, కాళ్లు తిమ్మిరెక్కి అడుగు తడబడినా అశ్రద్ధ చేయకుండా నరాల డాక్టరుకు చూపించుకోమని వాటిలో చెబుతున్నారు. అయితే జబ్బు బయటపడ్డాక ఏళ్ల తరబడి మందు వాడవలసిన మనిషి కష్టం గురించి ఎవరూ రాయడం లేదు. ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఈ విషయమే మీ దృష్టికి తెస్తున్నాను.

మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర మీద దాడి చేయడం ఈ జబ్బు. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు వారికి, అందులోనూ ఆడవారికి వస్తుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కిస్తారు. చాలామందికి కాలూ చేయీ మళ్లీ స్వాధీనంలోకి వస్తాయి. ఇంట్లో వాళ్ల నమ్మకమంతా ఆ సెలైన్ మీదే నిలిచిపోతుంది. నిజానికి జబ్బు మళ్లీ మళ్లీ రాకుండా అడ్డుకునేది ఆ తర్వాత రోజూ మింగే మాత్ర, లేదా వారం వారం వేసుకునే సూది. దానివల్ల పైకి కనిపించే మేలు ఏమీ ఉండదు, పైగా ఒళ్లు బాగుండదు. మానేస్తే కొన్నాళ్లు హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది, ఆ హాయిలోనే మెదడు, వెన్నుపాముల్లో జబ్బు దెబ్బతీసిన చోట కొత్త మచ్చలు ఏర్పడుతుంటాయి. మధ్యలో మందు మానేసిన రోగిని నిర్లక్ష్యపు మనిషి అని తేలిగ్గా అనేసే వారికి ఈ సంగతి తెలియాలి.

మా చెల్లెలి కూతురికి మొదట్లో ఇంటర్‌ఫెరాన్ సూది రాశారు. వేసుకున్న కొన్ని గంటలకే చలి, జ్వరం, ఒళ్లు విరిచేసినట్టు నొప్పులు. మాది మలేరియా ప్రాంతం కాబట్టి అందరూ ముందు అదే అనుకుని రక్తపరీక్ష చేయించారు. మలేరియా లేదని తేలింది. మరుసటి వారం మళ్లీ జ్వరం, మళ్లీ పరీక్ష. చివరికి ఆ సూదే ఆమెకు పడటం లేదని పెద్దవాళ్లు తీర్మానించి ఆపించారు. ఆ సూది మొదలుపెట్టిన తొలి నెలల్లో ఫ్లూ లాంటి జ్వరం మామూలేనని, రాత్రి పడుకోబోయే ముందు వేసుకుని డాక్టరు చెప్పిన ప్రకారం పారాసిటమాల్ తీసుకుంటే చాలావరకు తగ్గుతుందని, క్రమంగా ఒంటికి అలవాటవుతుందని సూది రాసిన చోట గానీ, అమ్మిన చోట గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆ రెండు మాటలు అప్పుడు చెప్పి ఉంటే ఆ పిల్లకు ఆ తర్వాతి ఏడాది కుడికాలు పట్టు తప్పేది కాదని నేను ఖాయంగా అనలేను గానీ, మందు మాత్రం ఆగేది కాదు.

మిగతా మందులదీ ఇదే కథ. డైమిథైల్ ఫ్యూమరేట్ మింగితే ముఖం, మెడ ఎర్రబారి భగ్గుమంటాయి, కడుపులో తిప్పుతుంది. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. టెరిఫ్లూనోమైడ్ వాడిన కొందరికి జుట్టు పలచబడుతుంది. సాధారణంగా అది మళ్లీ వస్తుందని తెలియక పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఇంట్లో కూడా చెప్పకుండా మాత్ర మానేస్తారు. అదే మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుందని, గర్భం ధరించాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడి శరీరంలోంచి మందును తొలగించుకోవాలని కొత్తగా పెళ్లయిన వారికి విడమరిచి చెప్పవలసిన అవసరం ఇంకా ఎక్కువ. ఫింగోలిమాడ్ విషయంలో సొంత నిర్ణయం మరీ ప్రమాదం. దాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే కొందరిలో జబ్బు మునుపటికంటే ఉధృతంగా తిరగబడుతుంది. రెండు వారాలకు మించి ఆగిపోతే, గుండె వేగం తగ్గే ప్రమాదం ఉన్నందున, తిరిగి మొదటి మోతాదు ఆసుపత్రి పర్యవేక్షణలోనే వేయాలి.

ఇక సరిహద్దులో ఉండటం వల్ల వచ్చే ఇబ్బందులు వేరు. నరాల డాక్టరు కోసం మేము బరంపురమో విశాఖపట్నమో వెళ్తాం. విశాఖలో మన భాష ఉంది గానీ ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆ రాష్ట్రం కార్డు ఉన్నవారికే. బరంపురంలో మన రాష్ట్రం పథకం వర్తిస్తుంది గానీ, తెలుగు తప్ప మరో భాష చదవలేని ఇల్లాలికి మందు పెట్టెలోని కాగితం ఏం అర్థమవుతుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటర్‌ఫెరాన్ సూదిని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచాలి. ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు వేలు పోసి కొన్న సూదులను ఏం చేయాలో అడగడానికి కూడా మనిషి లేడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును పేరు పెట్టి గుర్తించింది. చట్టంలో పేరుంటే సరిపోదు. క్షయ రోగి మందు మానేస్తే ఇంటికి వచ్చి ఎందుకని అడిగే ఏర్పాటు మన దేశంలో ఉంది. ఎంఎస్ రోగులు జిల్లాకు కొద్దిమందే ఉంటారు కాబట్టి వారి కోసం అలాంటి ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల ప్రధాన ఆసుపత్రుల్లో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన ఒక్కొక్క నర్సుకు శిక్షణ ఇచ్చి, ఈ రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆమెకు అప్పగించాలి. మందు మొదలుపెట్టిన తొలి ఆరు నెలలు, అంటే రోగులు ఎక్కువగా జారిపోయే కాలంలో, ఆమె ప్రతి వారం ఫోన్ చేయాలి. కాలేయ పరీక్ష, తెల్ల రక్తకణాల లెక్క లాంటి మామూలు పరీక్షలకు రోగిని రైలెక్కించకుండా జిల్లాలోనే చేసి, ఫలితాలను ఈ-సంజీవని, అంటే దూరం నుంచే డాక్టరును సంప్రదించే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ద్వారా నరాల డాక్టరుకు చూపించాలి. సూదులు నిల్వ చేసుకోవడానికి ఆసుపత్రి టీకాల ఫ్రిజ్‌కు తోడుగా మరో చిన్న ఫ్రిజ్ పెట్టి, తుపాను హెచ్చరిక రాగానే రోగులు తమ సూదులను అక్కడ దాచుకునే వీలు కల్పించాలి.

ఒడిశా ఆరోగ్య శాఖ అధికారులు మీ పత్రిక చదువుతారు గనుక ఈ లేఖను ప్రచురించి, వారి సమాధానాన్ని కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా