కొత్త కారు బ్రేకులు: ఆదివారం కలుద్దాం

అందరికీ నమస్కారమండి.

కారు కొని నాలుగు నెలలు కాలేదు. మొన్న జొన్నాడ వైపు గౌతమి వంతెన దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందకి పోయింది. ముందు ఇసుక లారీ! హ్యాండ్ బ్రేకుతో ఎలాగో ఆపాను. షోరూమ్‌కి రెండుసార్లు తీసుకెళ్తే, రెండుసార్లూ "అంతా బాగానే ఉందండి" అని కారు కడిగి ఇచ్చారు. కడగడం మాత్రం శుభ్రంగా కడిగారు.

గ్రూపులో ఇంకో ముగ్గురిదీ ఇదే గోల. అందుకే ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు రావులపాలెం బస్టాండు దగ్గర కలుద్దాం. అక్కడినుంచి అందరం కలిసే షోరూమ్‌కి.

ఆర్‌సీ, వారంటీ పుస్తకం, ఇంతవరకు ఇచ్చిన జాబ్ కార్డులన్నీ (కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూమ్‌వాళ్ళు మన ఫిర్యాదు రాసిచ్చే కాగితాలు) తెచ్చుకోండి.

జాబ్ కార్డు మీద "బ్రేక్ చెక్" అని రాస్తే ఒప్పుకోకండి. పెడల్ ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎలా దిగిందో మీ మాటల్లోనే రాయించి కాపీ అడగండి. అది లేకపోతే రేపు "మీరు చెప్పనేలేదు" అంటారు. పెడల్ ఇప్పుడు గట్టిగానే ఉంటే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు తిప్పండి.

వాన పడ్డ మర్నాడు పొద్దున్నే బ్రేకు గరగరమంటే టెన్షన్ వద్దు, డిస్కు మీద పైపైన పట్టిన తుప్పు అది. నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. పెడల్ దిగిపోయినా, డ్యాష్‌బోర్డు మీద బ్రేకు హెచ్చరిక లైటు వెలిగినా, కారు ఒక పక్కకి లాగినా మాత్రం నడపొద్దు. టోయింగ్ బండి పిలిపించండి.

ఈసారీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దాం.

వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి. పెడల్ మెత్తగా ఉన్నవాళ్ళు దయచేసి బస్సెక్కి రండి, కాగితాలు చాలు.