ఆరో తరగతిలోనే చెప్పించండి సార్: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తల్లి లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. నా ఇద్దరు పిల్లలూ సర్కారు బడిలోనే చదువుతున్నారు. ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి పిల్లలకు బడిలో చెప్పించమని ప్రజావాణిలో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చి రసీదులు తెచ్చుకున్నా, తర్వాత ఎవరూ పిలవలేదు. అందుకే నేరుగా మీకే రాస్తున్నా.

మా బిడ్డ పోయినేడు ఏడో తరగతిలో, లెక్కల క్లాసు నడుస్తుండగా పెద్దమనిషి అయింది. ఏమైందో దానికి తెలియదు. కడుపులో ఏదో తెగిందనుకుందట. సారుకు చెప్పలేక, పక్కనున్న పిల్లకూ చెప్పలేక, ఆఖరి బెల్లు కొట్టేదాకా బెంచీ మీద నుంచి లేవలేదు. చున్నీ నడుముకు చుట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చి "అమ్మా, నేను చచ్చిపోతానా" అని అడిగింది. ముందే చెప్పకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. నాకు మా అమ్మ చెప్పలేదు, నేను దానికి చెప్పలేదు, అందుకే బడిలో చెప్పమని అడుగుతున్నా.

కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. ఆడపిల్లల ఒంట్లో మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతాయని డాక్టర్లే చెప్తున్నారు కదా సార్. మరి పాఠం వచ్చేసరికే ఆలస్యమైపోతోంది. ఆ పాఠమన్నా చెప్తున్నారా అంటే అదీ లేదు. మా కొడుకు ఎనిమిదిలో ఉన్నప్పుడు "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు తిప్పేశారట. వాడికి గొంతు మారింది, మొహం నిండా మొటిమలు, నిద్రలో బట్టలు తడిస్తే ఏదో రోగం వచ్చిందని టెన్షన్ పడి, గోడల మీద గుప్తరోగాల ప్రకటనల్లో ఉండే నంబరుకు ఫోన్ చేశాడు. వాళ్లు మందులకు డబ్బులు అడిగితే భయపడి అప్పుడు వాళ్ల నాన్నకు చెప్పాడు. చెప్పకపోయుంటే?

2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లు, ఒక సారు, ఒక మేడం, వారానికో గంట ఇవన్నీ చెప్పాలి కదా. మా బడిలో ఆ గంట ఏ రోజో పిల్లలకే తెలియదు. పిల్ల పెద్దమనిషి అయితే ఫ్లెక్సీ కట్టి, ఊరంతటికీ భోజనాలు పెట్టి ఫంక్షన్ చేస్తాం, ఆ మాటే క్లాసులో చెప్పాలంటే మాత్రం అందరికీ సిగ్గొస్తుంది. ఆ సిగ్గుతోనే మా బిడ్డ అంతసేపు బెంచీకి అతుక్కుని కూర్చుంది.

ఆరో తరగతిలోనే చెప్పించండి. మగపిల్లలకు కూడా చెప్పించండి, ఆడపిల్ల డ్రెస్ మీద మరక చూసి నవ్వేది వాళ్లే, వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. మేడం లేని బడికి నెలకోసారి ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో పంపండి. పాఠం వదిలేయొద్దని హెడ్మాస్టర్లకు గట్టిగా చెప్పండి సార్, దండం పెట్టి అడుగుతున్నా.

జూన్‌లో మా చెల్లె బిడ్డ ఆరో తరగతికి పోతుంది. దానికి నేను చెప్పుకుంటా. దాని పక్కన కూర్చునే పిల్లల కోసం బడులు తెరిచేలోపే ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
ఒక తల్లి